తాత సందుగల దొరికిన ఇత్తడి బిళ్ళ... కాజీపేట జంక్షన్ సంగతి తెలిసినోళ్ళు జెర చెప్పుండ్రి

సోమిడి పోరడు:
అందరికి నమస్తే. దసరాకు ఇంటికి సున్నం ఏద్దామని అటుక మీది సామాన్లన్ని కిందికి దింపినం, మా తాత సందుగ అడుగుకు పాత ధోతిల ముడిసిపెట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి దొరికింది. అరచెయ్యంత ఉంటది, నల్లగ మసిబట్టినట్టయింది, ఎనుక రెండు కొక్కేలున్నయ్. మీద ఇంగ్లీషుల ఎన్ ఎస్ ఆర్ అని కనవడ్తాంది, కింద 217 అని నంబరు, అంచుకు ఉర్దూల ఏదో రాసుంది, నాకు ఉర్దూ రాదు.

తాత కాజీపేటల గ్యాంగ్‌మన్. నేను ఐదో తరగతిల ఉన్నప్పుడు పోయిండు, 1995ల, అప్పటికి ఎనభై దాటినయ్. మా నాయిన ఎప్పుడూ ఒకటే మాట చెప్తుండె, "మీ తాత చాందా లైను పడేటప్పుడు తట్ట మోసిండు, అట్లనే పర్మనెంటు అయిండు" అని. గీ చాందా లైను ఏంది, ఈ బిళ్ళ ఏంది. ఇంకో డౌటు కూడా, అందరు జంక్షన్ జంక్షన్ అంటరు గని ఢిల్లీ–మద్రాసు నడుమ తిరిగే జీటీ (గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్), తమిళనాడు ఎక్స్‌ప్రెస్ అసొంటి బండ్లు కాజీపేటకు రాకుంట వరంగల్‌ల ఎందుకు ఆగుతయ్? చిన్నప్పటి సంది అడుగుదామనుకుంటున్న, ఎవల్ని అడగాల్నో తెల్వలే.

ఓరుగల్లు గూగులు:
ఎన్ఎస్ఆర్ అంటే నిజాం స్టేట్ రైల్వే బ్రో. ఫోటో పెట్టు, మంచిగ అమ్ముడు పోతది 😀

సోమిడి పోరడు:
అమ్మేది లేదన్న, మా అమ్మ తోలు తీస్తది. ఫోటో పొద్దుగాల వెలుతురుల తీసి పెడ్త.

పాత గార్డు:
నమస్తే తమ్ముడు. నేను ఇదే లైన్ల గార్డుగా చేసి రిటైరైన (ఇప్పుడు గార్డు అనొద్దంట, 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చిండ్రు, మా ఇంట్ల మాత్రం ఇంకా నన్ను గార్డే అంటరు). ముందుగాల బిళ్ళ ముచ్చట. దాన్ని చప్రాస్ అంటుండె. పట్టీకి తగిలించి ఛాతి మీదనో నడుముకో కట్టుకునేది, అది కట్టుకున్నోడే చప్రాసి, ఆ మాట అట్లనే వచ్చింది. రైల్వేల కింది కేడర్ వాళ్ళకు నంబరు బిళ్ళలు ఇచ్చేటోళ్ళు.

ఇగ పేరు. మన దగ్గర మొదటి రైల్వే నిజాం డబ్బులతోనే పడ్డది, వాడి నుంచి సికింద్రాబాద్ దాక 1874ల. తర్వాత 1883ల లండన్ల ఒక కంపెనీ పెట్టిండ్రు, నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అని. గ్యారంటీడ్ అంటే, కంపెనీ లాభం వచ్చినా రాకున్నా పెట్టుబడి పెట్టినోళ్ళకు వడ్డీ మేం ఇప్పిస్తం అని నిజాం సర్కారు పూచీ పడ్డది. బండి నడిపేది తెల్లోడు, నష్టమొస్తే కట్టేది మన ఖజానా. ఆ కంపెనీయే సికింద్రాబాద్ నుంచి భువనగిరి, జనగామ, కాజీపేట, వరంగల్, డోర్నకల్ మీదుగ లైను పట్టుకపోయి 1889ల బెజవాడకు కలిపింది. మొదట కాజీపేట జంక్షన్ కాదు, నడిమిట్ల ఒక టేషన్, గంతే. 1930 సంవత్సరంల నిజాం సర్కారు కంపెనీ నుంచి మొత్తం కొనేసుకుంది, అప్పటినుంచి గ్యారంటీడ్ అన్న మాట ఎగిరిపోయి ఉత్త నిజాం స్టేట్ రైల్వే అయింది.

అంటే నీ బిళ్ళ మీద జి లేకుంట ఎన్ ఎస్ ఆర్ అనే ఉంటే అది 1930 తర్వాతిది. చాందా లైను ముచ్చట రేపు రాస్త, కండ్లు గుంజుతున్నయ్.

సోమిడి పోరడు:
సార్ మస్తు థాంక్స్. గని ఒక చిక్కు. 1930 తర్వాతి బిళ్ళ అయితే మా నాయిన చెప్పిన ముచ్చట...?

మంచిర్యాల బొగ్గు:
నేను చెప్తనన్నా, గార్డు సార్ లేచే లోపు. చాందా అంటే చంద్రపూర్. బలార్షా దాని పక్కనే. సికింద్రాబాద్ దిక్కు ముసలోళ్ళు కాజీపేట–బలార్షా లైన్నే చాందా లైను అంటరు. ఈ లైను పడక ముందే దీని మీద ఎంత లొల్లి అయిందో తెలుసా. 1883లనే హైదరాబాద్ నుంచి చాందాకు రైలేద్దాం అని స్కీము పెట్టిండ్రు, తెల్లోళ్ళ కంపెనీకి సర్కారు సొమ్ము దోచిపెడ్తాండ్రు, లెక్కలు జనానికి చెప్పుండ్రి అని హైదరాబాద్ల చదువుకున్నోళ్ళు ఎదురు తిరిగిండ్రు. అండ్ల ముందున్నది డాక్టర్ అఘోరనాథ చటోపాధ్యాయ, సరోజినీ నాయుడు వాళ్ళ నాయిన. ఆయన్ని నౌకర్ల నుంచి తీసేసి ఊరు దాటిచ్చిండ్రు, తర్వాత మళ్ళ వచ్చిండనుకో. రైలు లెక్క అడిగినందుకు మనిషిని రాజ్యం దాటిచ్చుడు, ఊహించుకో. మన దగ్గర రాజకీయం అన్నది రైలు పట్టాల మీదికెళ్ళే మొదలైందని నేనంట, ఎవరన్న కాదంటే చెప్పుండ్రి.

ఆ స్కీము అప్పుడు గట్లనే ఆగింది. బెజవాడ లైను ముందు పడ్డది, చాందా దిక్కు లైను మాత్రం 1920ల దాక పడలే. పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ అట్ల ముక్క ముక్కగ పోయి 1929కి బలార్షాతోని కలిసింది. ఆ రోజు సంది ఢిల్లీ–మద్రాసు నేరుగ. జీటీ కూడా అదే ఏడు మొదలైంది, ముందుగాల పెషావర్ నుంచి మంగళూరు దాక నడిచిందట, మా కాక ఈ మాట చెప్పినప్పుడల్లా "పెషావర్ల ఎక్కి పెద్దపల్లిల దిగొచ్చురా" అని నవ్వుతుండె, పెద్దపల్లిల ఆగిందో లేదో ఆయనకే ఎరుక.

ఓరుగల్లు గూగులు:
అంటే లైను 1929ల అయిపోయింది. బిళ్ళ 1930 తర్వాతిది. లైను పడ్డప్పుడు తట్ట మోసి ఉంటే ఆ టైంల కంపెనీ పేరు ఎన్‌జీఎస్ఆర్. సోమిడి అన్నా, మీ నాయిన జెర ఎక్కువ చెప్పినట్టున్నడు. లెక్క కుదుర్తలే.

సోమిడి పోరడు:
మా నాయిన ఎక్కువ చెప్పే మనిషి కాదన్న.

పాత గార్డు:
కొట్టుకోకుండ్రి. తట్ట మోసినోళ్ళకు బిళ్ళలు ఇయ్యరు, వాళ్ళు కంట్రాక్టరు కింద రోజు కూలీ. లైను అయిపోయినంక అండ్ల పని తెలిసిన కూలీలనే గ్యాంగుల కొందరిని తీసుకునేది, నంబరు అప్పుడొస్తది. మీ నాయిన చెప్పింది, బిళ్ళ చెప్పేది రెండూ నిజం కావొచ్చు.

ఇగ జంక్షన్ల జీటీ ఎందుకు రాదన్నవు. గీత గీసి చూడు. పడమటి దిక్కు సికింద్రాబాద్, తూర్పు దిక్కు వరంగల్, ఈ రెండిటి నడిమిట్ల కాజీపేట. పై నుంచి, హసన్‌పర్తి దిక్కు నుంచి బలార్షా లైను దిగుతది. అది వచ్చేటప్పుడు రెండుగ చీలుతది. ఒక కాలు కాజీపేట జంక్షన్లకు పోతది, అంటే సికింద్రాబాద్ మొకాన. ఇంకో కాలు జంక్షన్ను తాకకుంట వరంగల్ మొకాన మలుగుతది. ఢిల్లీ నుంచి మద్రాసు పోయే బండి జంక్షన్లకు వచ్చిందనుకో, ఇంజన్ సికింద్రాబాద్ దిక్కు ఉంటది, పోవాల్సింది ఎనుకకు. ఇంజన్ విప్పి ఆ కొసకు తెచ్చి తగిలించాలె, బ్రేకులు మళ్ళ టెస్టు చెయ్యాలె, తక్కువల తక్కువ ఇరవై నిమిషాలు గోవిందా. అందుకే అవి ఆ పక్క కాలు మీదికెళ్ళి నేరుగ వరంగల్ పోతయ్. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ పోయేటివి (మన తెలంగాణ ఎక్స్‌ప్రెస్, వెనుకటి ఏపీ ఎక్స్‌ప్రెస్) మాత్రం జంక్షన్ల ఆగుతయ్, ఇంజన్ తిప్పే పని లేదు. వరంగల్ పది కిలోమీటర్లే గని బండి దృష్టిల అది వేరే ప్రపంచం.

కాజీపేట టౌన్ అని ఇంకో చిన్న టేషన్ బలార్షా దిక్కు ఉంది, కొత్తగ వచ్చినోళ్ళు దాన్ని జూసి ఆగమైతరు.

బెజవాడ అల్లుడు:
గార్డు గారూ నమస్కారమండి. మాది విజయవాడ, మా అత్తగారిది హన్మకొండ, అందుకని ఇక్కడ చేరాను, నా యాస చూసి తిట్టకండి. ఒక సంగతి అడగాలి, మా చిన్నప్పుడు వైజాగ్ నుంచి ఢిల్లీ వెళ్ళే లింక్ దక్షిణ్ అని ఉండేది కదా, అది కాజీపేటలోనే కదండీ తగిలించేది? నాకు అర్ధరాత్రి నిద్రలో ఒక్క కుదుపు, బయట పెద్ద పెద్ద కేకలు, ఎవరో లాంతరు ఊపుకుంటూ పరిగెత్తడం మాత్రమే గుర్తు, మా నాన్నగారు "కాజీపేట వచ్చిందిరా పడుకో" అనేవారు. పగటిపూట ఆ ఊరు నేను పెళ్ళయ్యేదాకా చూడలేదు.

పాత గార్డు:
అల్లుడుగారూ మీరు నా యాది తట్టి లేపిండ్రు. అవును. హైదరాబాద్ నుంచి ఢిల్లీ నిజాముద్దీన్ టేషన్‌కు పోయే దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ అర్ధరాత్రి దాటినంక జంక్షన్ల ఆగేది, మీ వైజాగ్ బోగీలు వరంగల్ దిక్కు నుంచి వచ్చి ఉండేటివి, రెండిటిని కలిపి ఒక్క బండి చేసి పంపేది. ఒక దిక్కు నుంచి వచ్చిన రేకుకు (బోగీల వరుసను రేకు అంటం) ఇంకో దిక్కు నుంచి వచ్చిన రేకు కలపాలె, ఇంజన్లు అటు ఇటు మార్చాలె, కప్లింగ్ ఎయ్యాలె, హోస్ పైపులు కలపాలె, లైట్లు పోకుంట చూడాలె, ఈ నడిమిట్ల ప్యాసింజర్ ఒకడు చాయ్ కోసం దిగి తన బోగీ ఏదో తెల్వక ప్లాట్‌ఫారం మీద ఉరుకుతాంటడు. చలికాలంల షంటింగ్ పోర్టర్లు తలకు మఫ్లరు సుట్టుకోని రెండు బోగీల నడుమ నిలవడి చెయ్యెత్తి డ్రైవరుకు చూపెట్టేది, "ఇంకో మూరెడు... ఇంకో జానెడు... బస్" అని. ఆ జానెడు తప్పితేనే మీకు కుదుపు. మంచిగ చేసినోడి షంటింగ్ల నీళ్ళ గ్లాసు తొణకకపోయేది, మా దగ్గర ఒకాయనుండె, ఆయన డ్యూటీల ఉంటే మీకు కాజీపేట వచ్చినట్టు కూడా తెల్వకపోవు.

తర్వాత ఆ లింకు తీసేసిండ్రు. జంక్షన్ అంటే అసలు ఆ పని. ఇప్పుడు బండ్లు మస్తు ఆగుతయ్ గని కలుపుడు విడదీసుడు తగ్గిపోయింది.

పుష్‌పుల్ పాసు:
మీరందరు పెద్ద బండ్ల ముచ్చట చెప్తాండ్రు, మా గోస ఎవరు చెప్పాలె 😄 నేను 14 ఏండ్లు కాజీపేట నుంచి జనగామకు అప్ అండ్ డౌన్ చేసిన. ఎంఎస్టీ, అంటే నెలవారీ సీజన్ పాసు. పొద్దుగాల పుష్‌పుల్ (లోకల్ ప్యాసింజర్ బండి) అంటే అది మా ఊరు, టేషన్ టేషన్‌కు ఒక బ్యాచి. కాజీపేటల ఎక్కినోళ్ళు కిటికి సీట్లు, పెండ్యాలల ఎక్కినోళ్ళు అంచులు, ఘన్‌పూర్ టీచర్ల బ్యాచి వచ్చిందంటే ఇగ నిలవడుడే, రఘునాథపల్లిల పాల క్యాన్లు. బచ్చల కూర కట్టలు కట్టుకుంట ఒకామె, పేకాట బ్యాచి (పైసలు పెట్టరు, చాయ్ మాత్రమే), లెక్కల ట్యూషన్ చెప్పే ఒక సార్. పెండ్లి సంబంధాలు కుదిరినయ్ ఆ డబ్బాల, నా కండ్ల ముందట రెండు.

సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, అంత దూరం రోజు పోయొచ్చేటోళ్ళు కూడా ఉండిరి, వాళ్ళు గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌కో శాతవాహనకో చూసుకునేది. గోల్కొండ అంటే మా మామ ఇప్పటికీ మీసం తిప్పుతడు, ఒకప్పుడు దేశం మొత్తం మీద బొగ్గు ఇంజన్ బండ్లల్ల ఇదే అన్నిటికన్న స్పీడట.

కరోనా టైంల 2020 మార్చిల అన్ని బండ్లు బంద్ అయినప్పుడు మా బ్యాచి ఇచ్చుకపోయింది. బండ్లు మళ్ళ వచ్చినప్పుడు స్పెషల్ అని పేరు పెట్టి కనీసం టికెటు 30 అయింది, 2024 ఫిబ్రవరిల మళ్ళ 10కి దిగింది గని ఆ లోపు సగం మంది బండ్లు కొనుక్కున్నరు, కొందరు రిటైరైండ్రు, కొందరు బస్సు పట్టుకున్నరు. ఇప్పుడు మెము (కరెంటు లోకల్ బండి) వస్తది, సీట్లు మంచిగున్నయ్, మాట్లాడేటోడే లేడు, అందరు ఫోన్లల్ల.

రెక్ బ్యాచి:
మా కాలేజీకి కాజీపేటనే దగ్గర, వరంగల్ టికెట్ కొన్నా కాజీపేటల దిగేది. 1959ల నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, ఇప్పుడు ఎన్ఐటీ అంటరు గని మేం రెక్కే. ఫస్టియర్ల నేను నిద్రల దిగకుండ పోయి డోర్నకల్ల లేచిన. అక్కడ పొద్దుగాల ఆరుకు ఒక ఇరానీ చాయ్ తాగి ఎనుక బండి ఎక్కిన, సీనియర్లు అదే పేరు పెట్టిండ్రు నాకు, నాలుగేండ్లు డోర్నకల్.

మడికొండ మాష్టారు:
పేరు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఒక మాట. కాజీ అంటే న్యాయం చెప్పే ఖాజీ. కాజీపేట దర్గాలో ఉన్నది హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ, ఆయన వరంగల్‌కు ఖాజీ. పందొమ్మిదో శతాబ్దం నడుమ పోయిన మనిషి, అంటే రైలు ఇక్కడికి రాకముందే. ఊరికి పేరు ఖాజీ వల్ల, ఊరు పెద్దదైంది రైలు వల్ల. సఫర్ నెలలో ఉర్సు జరిగితే హిందువులూ ముస్లింలూ అందరూ వస్తారు, ఆ మూడు రోజులు ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టే జాగా ఉండదు. రైలు వచ్చినంక ఆంగ్లో ఇండియన్లు, తమిళులు, మలయాళీలు, మరాఠీలు వచ్చారు, ఫాతిమానగర్ చర్చి వచ్చింది, బడులు వచ్చాయి. మా చిన్నప్పుడు మడికొండ నుంచి కాజీపేటకు పోతే ఫారిన్ పోయినట్టు ఉండేది, ఒక్క వీధిలో ఐదు భాషలు.

డీజిల్ కాలనీ:
మాష్టారు నమస్తే, నేను మీ స్టూడెంటునే అనుకుంట, పేరు చెప్పను 🙏 మా నాయిన లోకో షెడ్డుల ఫిట్టరు. షెడ్డు సైరన్ మోగితేనే మా అమ్మ అన్నం గిన్నె పొయ్యి మీద పెట్టేది, మాకు గడియారం అదే. బొగ్గు ఇంజన్లు పోయి డీజిల్ వచ్చినయ్, డీజిల్ పోయి కరెంటు వచ్చింది, మా కాలనీ పేరు మాత్రం ఇంకా డీజిల్ కాలనీయే. నాయిన చొక్కాకు డీజిల్ వాసన ఎంత ఉతికినా పోకపోయేది, ఇప్పుడు పెట్రోల్ బంకుకు పోతే నాకు నాయిన యాదికొస్తడు, నవ్వకుండ్రి.

ఓరుగల్లు గూగులు:
ఇన్ని ఉన్న ఊరికి అప్పట్ల కోచ్ ఫ్యాక్టరీ రాలే. కాజీపేటకు అన్నది కపుర్తలాకు పోయింది 1985ల. మన నాయకులంత ఏం చేసిండ్రు అప్పుడు?

జై ఓరుగల్లు:
ఏం చేసిండ్రు, సంతకాలు పెట్టిండ్రు. 2014 విభజన చట్టంల కూడా తెలంగాణకు కోచ్ ఫ్యాక్టరీ చూస్తం అని రాసిండ్రు. 2023 జూలై 8న ప్రధాని వచ్చి కాజీపేటకు రైల్వే తయారీ యూనిట్ శంకుస్థాపన చేసిండు గదా, 500 కోట్లకు పైనే. ఇగ మీ పార్టీ...

ఓరుగల్లు గూగులు:
నా పార్టీ ఏందన్న, నేనేమన్న జెండా పట్టిన్నా?

జై ఓరుగల్లు:
పట్టకుంటనే ఇట్ల మాట్లాడ్తవా, మొన్న నీ పోస్టు చూసిన...

అడ్డా పెద్ద:
ఇద్దరు ఆపుండ్రి. ఎనుక నుంచి 11 పోస్టులు తీసేసిన. పార్టీల లొల్లికి వేరే దారం (థ్రెడ్) ఉంది. ఇక్కడ బిళ్ళ, టేషన్, గంతే.

మంచిర్యాల బొగ్గు:
పెద్దన్న చెప్పింది కరెక్టే, గని ఒక్క మాట, పార్టీ కాదు. కాజీపేటకు ఇంత గిరాకి బొగ్గుతోనే. ముందుగాల ఇల్లందు బొగ్గు. 1871ల డాక్టర్ కింగ్ అని జియాలజీ ఆయన అక్కడ బొగ్గు కనిపెట్టిండు, డోర్నకల్ నుంచి దానికి కొమ్మ లైను ఏసిండ్రు. సింగరేణి అన్న పేరు అక్కడి ఊరిదే. తర్వాత చాందా లైను పడ్డంక గోదావరి ఒడ్డు గనులు తెరుచుకున్నయ్, బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం దిక్కు. గూడ్సు వ్యాగన్లు కాజీపేట దాటకుంట దక్కన్ల మిల్లు తిరగలే. వరంగల్ ఆజంజాహి మిల్లు 1934ల పెట్టిండ్రు, పత్తి మాది, బొగ్గు మాది, మిల్లు వాళ్ళది (మా తాత డైలాగు). ఇప్పటికీ మా లైను మీద లెక్క పెడ్తే ప్యాసింజర్ల కన్న గూడ్సులే ఎక్కువ కనవడ్తయ్. రామగిరి, సింగరేణి ప్యాసింజర్లు లూప్ లైన్ల (పక్క పట్టా మీద) నిలవడి గూడ్సుకు దారిచ్చిన రోజులు మస్తు చూసినం, ఉప్పల్ల దిగి మామిడికాయ కోసుకొని మళ్ళ ఎక్కొచ్చు. (హైదరాబాద్ ఉప్పల్ కాదు, జమ్మికుంట పక్కది. ప్రతిసారి చెప్పాల్సొస్తది.)

బెజవాడ అల్లుడు:
లైను ఎంత ముఖ్యమో మాకు 2024 సెప్టెంబరు 1న తెలిసిందండి. కేసముద్రం–ఇంటికన్నె మధ్య వరదకి పట్టాల కింద కంకర, మట్టి అంతా కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. మా ఆవిడ పుట్టింట్లో ఉండిపోయింది, నేను ఇక్కడ. అటూ ఇటూ బళ్ళన్నీ ఆగిపోయాయి. 1889లో వేసిన దారే కదండీ ఇప్పటికీ మాకు, మీకు ఉన్నది.

పుష్‌పుల్ పాసు:
అల్లుడుగారూ మీ ఆవిడ పుట్టింట్ల ఉండుడు మీకు బాధ అని రాసిండ్రా, పండుగ అని రాసిండ్రా 😂

బెజవాడ అల్లుడు:
ఆవిడ కూడా ఇక్కడ చదువుతుందండి. బాధే.

రెక్ బ్యాచి:
ఒక డౌటు. ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్ రైలు) కాజీపేట దాక వస్తదా? ఘట్‌కేసర్ దాక వచ్చింది గదా.

పాత గార్డు:
2003ల ఎంఎంటీఎస్ మొదలైనప్పటినుంచి ఈ ప్రశ్న వింటున్న. ఘట్‌కేసర్–లింగంపల్లి బండి 2024 మార్చిల మొదలైంది. యాదాద్రి దాక, అంటే మన పాత రాయగిరి టేషన్ దాక పొడిగిస్తం అన్నరు. కాజీపేట దాక అంటే అది ఎంఎంటీఎస్ కాదు బిడ్డ, 132 కిలోమీటర్లకు బాత్రూం లేని బండి ఎక్కుతవా? చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరిల తెరిచినంక కొన్ని బండ్లు సికింద్రాబాద్ పోకుంట అక్కడనే ఆగుతున్నయ్, రోజు పోయొచ్చేటోళ్ళు దాన్ని చూసుకోవాలె, దిగినంక ఆటోకు ఎంతైతదో కూడా.

నాగపూర్ వందే భారత్ 2024 సెప్టెంబరుల వచ్చింది, అది కాజీపేటల ఆగుతది. వైజాగ్ది జంక్షన్ మీదికెళ్ళే పోతది గని ఆగేది వరంగల్ల, అది టైంటేబుల్ ముచ్చట. జీటీ అసొంటి బండ్లకు మాత్రం మళ్ళ అదే ట్రయాంగిలు. ఎప్పుడో ఎవరో కాయితం మీద గీసిన మూడు గీతలే ఇప్పటికీ ఎవరు ఎక్కడ దిగాల్నో చెప్తున్నయ్.

డీజిల్ కాలనీ:
సోమిడి అన్న ఏడి? ఫోటో ఏది?

సోమిడి పోరడు:
ఇక్కడే ఉన్న, సున్నం అయితాంది. అన్ని చదివిన. గార్డు సార్, మీరు చెప్పినట్టు నేను లెక్క ఏసిన. తాత 1909 అటు ఇటు పుట్టిండు. లైను పడేటప్పుడు 17–18 ఏండ్లు. రిటైరైంది 1960ల చివర్ల, మా నాయిన పెండ్లి తర్వాత.

పాత గార్డు:
అయితే విను. మొదలైనప్పుడు నిజాం గ్యారంటీడ్ కంపెనీ. 1930 సంవత్సరంల నిజాం స్టేట్ రైల్వే. రాజ్యం పోయినంక 1950 సంవత్సరంల ఇండియన్ రైల్వేల కలిసింది, 1951ల సెంట్రల్ రైల్వే అయింది, హెడ్డాఫీసు బొంబాయి. 1966 అక్టోబరు 2న సౌత్ సెంట్రల్ పెట్టిండ్రు, సికింద్రాబాద్ హెడ్డాఫీసు. మీ తాత అదే టేషన్ల, అదే పట్టాల మీద, అదే సుత్తె పట్టుకోని నాలుగు రైల్వేలల్ల నౌకరి చేసిండు. జీతం ముందుగాల నిజాం నాణెం ఉస్మానియా సిక్కాలల్ల తీసుకున్నడు, తర్వాత రూపాయలల్ల తీసుకున్నడు.

డీజిల్ కాలనీ:
వామ్మో. మా నాయిన ఒక్కదాంట్ల చేసినందుకే మోకాళ్ళు పోయినయ్.

సోమిడి పోరడు:
సార్ ఈ మాట మా అమ్మకు చదివి వినిపించిన. ఏం అనలే, లోపటికి పోయి చింతపండు తెచ్చింది, "తోము" అన్నది.

తోమిన. చింతపండు, కొంచెం ఉప్పు, పాత బ్రష్షు. ఉర్దూ అక్షరాలు మంచిగ తేలినయ్, దర్గా కాడ అత్తరు షాపాయనకు చూపెట్టిన, "నిజాం రైల్వే" అని రాసుందట, కింద అంకెలు 217యే ఉర్దూల. ఇగ ఇంగ్లీషు దిక్కు చూడుండ్రి, ఫోటో పెట్టిన. ఎన్‌కు ఎస్‌కు నడుమ జాగా ఎక్కువున్నది, ఎస్‌కు ఆర్‌కు నడుమ అంత లేదు. ఆ జాగల ఏదో గుండ్రంగ గీత కనవడ్తాంది, పైన తెగి ఉన్నది. జి యా? గీతనా?

ఓరుగల్లు గూగులు:
జూమ్ చేసిన. నాకైతే జి లెక్కనే కొడ్తాంది. అరిగిపోయింది. మీ నాయినను అన్నందుకు సారీ అన్నా.

మంచిర్యాల బొగ్గు:
నాకు గీత లెక్కనే ఉంది. దెబ్బ తగిలిన జాగ.

పాత గార్డు:
ఫోన్ల నాకు సరిగ కనవడ్తలే తమ్ముడు. దాని మీద సన్న ముగ్గు పిండి చల్లి, పక్క నుంచి టార్చి కొట్టి ఫోటో తియ్యి. జి అయితే కింద లోపటికి మలిగిన చిన్న అడ్డ గీత ఉండాలె. అది ఉంటే 1930 కంటే ముందుదే, అంటే లైను పడ్డ టైందే. అయితే తోముడు మాత్రం ఆపు.

సోమిడి పోరడు:
అమ్మ కూడా అదే అన్నది సార్, ఇంకా రుద్దితే ఉన్న అక్షరాలు కూడా పోతయని గుంజుకొని తాత ధోతిల మళ్ళ ముడిసిపెట్టింది. ముగ్గు పిండి కథ పండుగ అయినంక అడుగుత, ఇప్పుడు అడిగితే తంతది.